పింఛనుకు పోయిన మామ

పోయిన వారం దివ్యశ్రీని మనం కృష్ణానగర్‌లో ఒక నీలం గేటు ముందు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఈ వారం రోజులూ ఆమె మనల్ని ఎన్ని తిట్టుకుందో తెలీదు. ఆమె నోటి సంగతి మీకు తెలిసిందే కదా. జరిగిన కథ ఇది. ఆమె మామ రాజనర్సయ్య నెలనెలా పింఛను తెచ్చుకోవడానికి సిద్దిపేట అవతల ఉన్న సొంతూరికి పోతాడు. మనిషి ఊళ్లో కనబడి వేలిముద్ర వేస్తేనే పింఛను చేతికొస్తుంది. ఆ పని చూసుకుని రెండు మూడు రోజులకు పంజాగుట్టలో కొడుకు ఇంటికి తిరిగొస్తాడు. తెచ్చిన డబ్బు కోడలి చేతిలో పెడతాడు. ఈ నెల కోడలికి అనుమానం వచ్చింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఉన్న తన కర్రీ పాయింట్‌ని పక్క కొట్టు మంజూషకు అప్పజెప్పి, మామ వెంటపడింది. జూబ్లీ బస్టాండు వైపు బస్సెక్కాల్సిన మామ, నింపాదిగా రోడ్డు దాటి యూసుఫ్‌గూడ వైపు షేర్ ఆటో ఎక్కాడు. వెనకే ఇంకో ఆటోలో ఈమె. మామ నీలం గేటు తీసి లోపలికి వెళ్లాడు. మరు నిమిషంలో లోపల్నించి ఆడమనిషి నవ్వు వినబడింది.

అదీ మనం వదిలేసిన చోటు.

ఆ నవ్వు ఆడపడుచు నవీనది కాదు. నవీన నవ్వు దివ్యశ్రీకి బాగా తెలుసు, తన పెళ్లిలో కూరలో ఉప్పు లేదని మగపెళ్లివారందరికీ వినబడేలా నవ్విన నవ్వు అది. ఇది వేరే మనిషి. మరి ఎవరు? బ్రోకరా? కాగితాలు రాయించే మనిషా? దివ్యశ్రీ భయం మామ గురించి కాదు, కారు గురించి.

ఊళ్లో మామకున్న చెలకలో కొంత ముక్క అమ్మి ఆమె మొగుడు అనుదీప్‌కి ఆ కారు కొన్నారు. పొద్దున్నే లేచి అనుదీప్ ఆ కారు కిరాయికి నడిపితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కర్రీ పాయింట్ మీద వచ్చేది దాని అద్దెకీ సరుకులకీ సరి. కానీ ఆ కారు రాజనర్సయ్య పేరు మీద ఉంది. అలా ఉంచమన్నది దివ్యశ్రీయే. మొగుడి పేరు మీద రాయిస్తే నవీన ఊరుకుంటుందా? బాపు భూమి అమ్మి అన్నకు కారు కొన్నరు, నా పాలు ఏదీ అని పెద్దమనుషుల్లో పెడుతుంది. మామ పేరు మీదే ఉంటే బాపు బండి బాపుదే కదా అని నోరు మూయించవచ్చు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఆ తెలివికి ఆమె తనలో తానే మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ తెలివే నిద్ర పట్టనివ్వడం లేదు. మామ ఓ వేలిముద్ర వేస్తే చాలు, కారు నవీనదైపోతుంది.

అనుమానాలు ఊరికే రాలేదు. వెనకటి రోజుల్లో ఊరి నుంచి వస్తే మామ సంచిలో పచ్చి చింతకాయలో, అనపకాయలో ఏవో ఒకటి ఉండేవి. ఈమధ్య అవి బందయ్యాయి. పోయిన నెల సిద్దిపేట మిఠాయి అని చెప్పి ఒక డబ్బా తెచ్చాడు. డబ్బా మూత మీద యూసుఫ్‌గూడ అడ్రసుంది! ముసలాయనకు చదువు రాదు, మూత చూసుకోలేదు. చెప్పులకు ఊరి ఎర్రమన్ను ఉండటం లేదు. అంగీ కాలరుకు ఒంటిరంగు లాంటి మరకేదో అంటుకుని, ఎంత రుద్దినా పోలేదు. అదేంటని అడిగితే, "బస్సుల ఎవలదో తాకింది బిడ్డా" అన్నాడు. నెలనెలా అదే కాలరు మీద అదే రంగు తాకే బస్సు ఏ డిపోదో దివ్యశ్రీకి అర్థం కాలేదు. కర్రీ పాయింట్ నడిపే మనిషి. పప్పు కొని, ఊరికే ఇచ్చే సాంబారు ప్యాకెట్ రెండోది కూడా సంచిలో దూర్చుకుపోయే కుర్రాళ్లను చూపుతోనే ఆపగలదు. ఇంట్లో మనిషిని ఇంతకాలం ఎలా పట్టుకోలేకపోయానని ఆమెకు తన మీద తనకే మండింది.

గేటు తోసింది.

చిన్న వాకిలి. వరండాలో నలుగురైదుగురు ముసలివాళ్లు చాపల మీద కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. అందరి తలలకూ తెల్ల తలపాగాలు, అన్నీ ఒకే బట్టలోంచి చింపినట్టున్నాయి. గోడవారన స్టూలు మీద రాజనర్సయ్య. మెడ చుట్టూ తువ్వాలు. మొహం సగానికి రంగు పూసి ఉంది, మిగతా సగం ఆయనదే. ఎదురుగా ఒక లావుపాటి ఆవిడ స్పాంజి పట్టుకుని ఆయన చెంప మీద అద్దుతూ, ఇందాకటి నవ్వే నవ్వుతోంది.

దివ్యశ్రీ వాకిలి మధ్యకు దూసుకొచ్చింది.

"మామా! ఊరంటే ఇదేనా? వేలిముద్ర ఈడనే ఏస్తుండ్రా?"

రాజనర్సయ్య ఉలిక్కిపడి లేచాడు. స్టూలు పక్కకు పడింది. చాపల మీది ముసలివాళ్లు ఇడ్లీ ముక్కలు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు. ఆ లావుపాటి ఆవిడ మాత్రం కంగారుపడలేదు.

"ఏంటమ్మా, ఎవరు కావాలి?"

"నాకెవలు వద్దు. గాయన మా మామ. మీరెవలు?"

"ఓ, దివ్యశ్రీవా!" ఆవిడ మొహం విప్పారింది. "మీ మామగారు నీ గురించి తెగ చెబుతారమ్మా. నా పేరు అరుణాదేవి. సినిమావాళ్లకి పెద్దవయసు జూనియర్ ఆర్టిస్టుల్ని సప్లై చేస్తాను. కూర్చో తల్లీ, ఇడ్లీ తింటావా?"

ఇడ్లీ తినే మొహమా అది! దివ్యశ్రీ చూపు గుమ్మం లోపలికి, మంచం కిందికి, గోడకున్న మేకులకు తగిలించిన సంచుల మీదికి పరుగెత్తింది. ఎక్కడా స్టాంపు కాగితం కనబడలేదు. అయినా నమ్మలేదు. జూనియర్ ఆర్టిస్టట! ముసలాయనకు సొంతంగా సెల్‌ఫోన్‌లో నంబరు నొక్కడం రాదు, కెమెరా ముందు నిలబడతాడంటే ఎవరు నమ్ముతారు?

"నిజం చెప్పుండ్రి," అంది అరుణాదేవితో. "మా నవీన పంపిందా మిమ్ముల? కారు కాయిదాలు ఏడ పెట్టిండ్రు?"

"ఏ కారమ్మా? ఏ నవీన?" ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "ఇవాళ శ్రీనగర్ కాలనీలో ఒక ఇంట్లో షూటింగ్. పంచాయితీ సీను. హీరోయిన్ నాన్న మాట్లాడుతుంటే వెనకాల నిలబడి తలూపే పెద్దమనుషులు కావాలన్నారు. సెట్లో మా వాళ్లకి రంగేసే నాథుడు ఉండడు, అందుకే ఇక్కడే వేసి వ్యాను ఎక్కిస్తాను. మీ మామగారి మొహం కెమెరాకి భలే పడుతుందమ్మా. నెలంతా పనిస్తాను రండి పెద్దాయనా అంటే వినరు. రెండు మూడు రోజులు చేసి, ఇంతొస్తే చాలమ్మా అని లెక్కగా తీసుకుని వెళ్లిపోతారు. ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినా పుచ్చుకోరు. అదేం పంతమో!"

"ఎంత?" దివ్యశ్రీ గబుక్కున అడిగింది.

ఆవిడ చెప్పింది. అది పింఛను మొత్తం. సరిగ్గా అంతే, ఎక్కువా తక్కువా లేదు.

దివ్యశ్రీ మామ వైపు తిరిగింది. పులిలా వచ్చిన మనిషి, పడిపోయిన స్టూలు తీసి తనే కూర్చుంది. అరుణాదేవి లోకం తెలిసిన మనిషి. స్పాంజి పక్కన పెట్టి, "రండయ్యా, వ్యానొచ్చిందేమో చూద్దాం" అని మిగతా ముసలివాళ్లను గేటు బయటికి తోలుకుపోయింది.

వాకిట్లో మామా కోడళ్లు మిగిలారు.

"పింఛన్ ఏమైంది మామా?"

రాజనర్సయ్య చాప మీద కూర్చుని, మెడలో తువ్వాలు తీసి మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"బంద్ అయ్యింది బిడ్డా. వానకాలం షురువైనప్పుడు."

"ఎందుకు?"

"నా పేరు మీద కారున్నదట. పోస్టాఫీసుల ఏలు పెడితే పేరు లేదన్నడు. పంచాయితీ ఆఫీసుకు పోతే సెక్రటరీ సారు నవ్విండు. తాతా, నువ్వు కారు సేఠువు, నీకు పింఛనేంది అన్నడు. గాడున్నోళ్లంత నవ్విండ్రు. నేను సుత నవ్విన."

ఆ చివరి మాట దివ్యశ్రీకి ఎక్కడో గుచ్చుకుంది. కారు మామ పేరు మీద ఉండనీ అన్న రాత్రి తన గొంతు ఎంత గర్వంగా ఉందో గుర్తొచ్చింది. నవీనకు తీసిన గొయ్యి అది. పడింది మాత్రం ఈ ముసలాయన. నవ్వులపాలైంది కూడా ఈయనే. ఆమెకు సిగ్గేసింది. సిగ్గేస్తే దివ్యశ్రీకి కోపం వస్తుంది, అది ఆమె గుణం.

"గప్పుడే చెప్పొద్దా? మేమేమన్న పరాయోళ్లమా? గిట్ల రంగులేసుకొని ఊరంత తిరుగుడెందుకు? ఎవలన్న జూస్తే మా పరువేం గావాలె?"

"చెప్తే ఏం జేస్తుంటివి?"

ఆయన ఎదురుతిరిగి అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు.

"పింఛన్ రాకముందు అనుదీప్ నా మందు గోలీలకు, చాయ్‌కు పైసలిస్తుండె. పింఛన్ వచ్చినంక, నీకొస్తది గద బాపు అన్నడు. వాడు తప్పనలే. వానికి సుత కష్టమే. నేను సరే అన్న. గిప్పుడు పింఛన్ పోయింది, మళ్ల పైసలియ్యిర అంటే ఇయ్యడా? ఇస్తడు. కని ఒకసారి ముడుసుకున్న చెయ్యి మళ్ల చాపుడు మస్తు కష్టం బిడ్డా. గది నీకిప్పుడు సమజ్ గాదు."

"నన్నడగొచ్చు గద?"

రాజనర్సయ్య ఆమె మొహంలోకి చూశాడు. సగం రంగు, సగం తోలు. ఆ రంగు వైపు మొహం ఎవరో గొప్పింటి పెద్దమనిషిది.

"నువ్వు మంచిదానివే. పింఛన్ తెచ్చిన దినం నాకు ముందుగాల పెడ్తవు. అన్నం పొగలొస్తుంటది. గా దినం నీ మొకంల నవ్వుంటది. మిగిలిన దినాలు దుకాండ్ల మిగిలింది తెచ్చి పెడ్తవు. గది సుత మంచిగనే ఉంటది, నేను వంక పెడ్తలేను. కని నెలకు ఒక్క దినమన్న గా నవ్వు జూడాలెనని..."

తువ్వాలు మళ్లీ మడత పెట్టాడు.

దివ్యశ్రీ ఏడవలేదు. ఏడవాలనిపించింది గానీ ఏడిస్తే ఆ మాటలు నిజమని ఒప్పుకున్నట్టవుతుందని బిగబట్టుకుంది. నిజంగా అలా పెడుతున్నానా? రాత్రి కొట్టు కట్టేసే వేళకు దొండకాయ వేపుడు మిగులుతుంది, పారేయలేక ఇంటికి తెస్తుంది. పిల్లలు తినరు. అనుదీప్ బయటే తినొస్తాడు. మామ ఏం పెట్టినా మాట్లాడకుండా తింటాడు కదా అని... పోనీ ఆ పింఛను రోజు పొగలు కక్కే అన్నం? అది డబ్బుకు పెట్టిన అన్నమేనా? ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ అందరినీ అనుమానించిన మనిషి కదా, ఆ కత్తి ఇప్పుడు ఆమె వైపే తిరిగింది.

"లేవుండ్రి, ఇంటికి పోదాం," అంది. "కారు మీ కొడుకు పేరు మీదికి మార్పిస్త. నవీన ఏమంటే అననీ. మీ పింఛన్ మళ్ల వస్తది."

రాజనర్సయ్య లేవలేదు. గుమ్మం పైన ఉన్న గడియారం వైపు చూశాడు. వచ్చిన దగ్గర్నించీ ఆయన దానివైపే చూస్తున్నాడని దివ్యశ్రీ అప్పుడు గమనించింది. షూటింగ్ వ్యాను కోసమా? వ్యానొచ్చి బయట హారన్ కొట్టినా ఆయన కదల్లేదు.

ఇంకేదో ఉంది. అనుమానాల చెలమ ఒకసారి తవ్వితే ఊరుతూనే ఉంటుంది.

"మామా, ఇంకేం దాస్తున్నరు?"

"ఇయ్యాల ఊర్ల గ్రామసభ," అన్నాడు మెల్లగా. "పింఛన్ల ముచ్చటే. కారు మార్చుకున్నా, ఉత్తగ పేరెక్కదట. కొడుకు సంపాదిస్తుండు గద అని ఎవలో ఒకలు అడ్డం పడ్తరు. సెక్రటరీ సారే ఉపాయం చెప్పిండు. తాతా, బండి పేరుకే నాది, నా కొడుకు కోడలు నన్ను సాకుతలేరు అని సభల నిలబడి ఒక్క మాట చెప్పు, అందరి ముందట రాసుకుంట, పేరెక్కిస్త అన్నడు."

దివ్యశ్రీ స్టూలు మీద నుంచి లేచింది. "చెప్పిండ్రా?"

"నా నోట రాలే. పోయిన నెల సభల గా మాట చెప్పనీకే పోయి, బస్సు దిగి, మళ్ల గదే బస్సెక్కి తిరిగొచ్చిన. వానకు నడక నేర్పిన ఊర్లె నిలబడి నా కొడుకు నాకు కూడు పెడ్తలేడు అని ఎట్ల అనాలె? ఇయ్యాల సుత పోలే. ఈడికొచ్చిన."

"మంచిగైంది." ఆమెకు ఊపిరి వచ్చింది.

"లేదు బిడ్డా. సారు మళ్ల ఫోన్ చేసిండు. నువ్వు రాకుంటే నీ ఇంటోళ్లయి ఎవలదన్న నంబరియ్యి, సభల మైకు కాడ పెట్టి అడుగుత అన్నడు. అనుదీప్‌ది ఇయ్యలే. వాడు సాకుతున్న అంటడు, పరువు కోసమన్న అంటడు." ఆయన ఒక క్షణం ఆగాడు. "నీది ఇచ్చిన. నీ నోరు కారమే కని, అబద్ధమాడదు."

ఆ మాట పొగడ్తో తిట్టో ఆలోచించుకునే వ్యవధి ఆమెకు దొరకలేదు. చేతిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. అరుణాదేవి గేటు దగ్గర నుంచి, "పెద్దాయనా, వ్యాను వెళ్లిపోతోందండీ!" అని కేక వేసింది.

దివ్యశ్రీ ఫోనెత్తింది. అవతల మైకు గీ అని అరిచింది. జనం గోల. ఎవరిదో దగ్గు. తర్వాత ఒక మగ గొంతు, ప్రతి మాటా మైకులో రెండుసార్లు మోగుతూ.

"హలో, రాజనర్సయ్య కోడలా అమ్మా? నేను పంచాయితీ సెక్రటరీని. ఫోను మైకు కాడ పెట్టిన, ఊరంత వింటున్నది. మీ ఆడపడుచు నవీన సుత ముందటనే కూసున్నది."

దివ్యశ్రీ కళ్ల ముందు ఆ సభంతా కనబడింది. షామియానా కింద చాపల మీద చుట్టాలు, పక్కాలు, తన పెళ్లికి వచ్చినవాళ్లు. ముందు వరసలో నవీన. సాకుతున్నం అంటే మామ పింఛను ఇక ఎప్పటికీ రాదు, ముసలాయన మళ్లీ ఈ స్టూలు మీదికే రావాలి. సాకుతలేం అంటే అనుదీప్ ఆ ఊళ్లో తలెత్తుకోలేడు. నవీన రేపే వచ్చి బాపు చెయ్యి పట్టుకుంటుంది, బాపు వెనకే బాపు కారూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదైనా నయమే, ఎలాగోలా దాటొచ్చు. ఆమెను నిలువునా కోసేస్తున్నది వేరే సంగతి. ఆ రెండింటిలో ఏది నిజమో తనకే తెలియడం లేదు.

"ఒక్క ముచ్చట చెప్పమ్మా," మైకులో గొంతు మళ్లీ వచ్చింది. "మీ మామను మీరు సాకుతున్నరా, లేదా?"

జనం గోల ఆగిపోయింది.

దివ్యశ్రీ ఫోను నోటి దగ్గరికి తీసుకుంది. మళ్లీ దించింది. దించినా మైకుకు వినబడుతుందని ఆమెకు తెలుసు. సగం రంగు పూసిన ఆ మొహం వైపు తిరిగి, ఊరంతా వింటుండగానే అడిగింది.

"మీరే చెప్పుండ్రి మామా. నేను మిమ్ముల సాకుతున్ననా?"

రాజనర్సయ్య చెయ్యి చాచి, ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.